నూట ఇరవై ఎనిమిదో సూది

సూది పడిన 1వ రోజు

ఇవాళ పొద్దున్న నూట ఇరవై ఎనిమిదో సూది వేయించుకున్నాను. ఇరవై ఎనిమిది రోజులకొకటి, నడుం దగ్గర, వెన్నెముక పక్కన. నొప్పేమీ లేదు. నడుం కింద నాకేదైనా తెలిస్తేగా!

పదేళ్ళు కావస్తోంది కాబట్టి ఈసారి తనిఖీ ఉందట. డాక్టర్ సుల్తానా ఒక ఫారం, ఒక నోటు పుస్తకం చేతిలో పెట్టారు. ఫారంలో గళ్ళున్నాయి, రోజూ టిక్కు పెట్టాలి. పుస్తకంలో జరిగింది జరిగినట్టు రాయాలి. "దాచకుండా రాయండి నూకరాజు గారూ. మందు కొనసాగించాలా ఆపాలా అన్నది మీరు రాసినదాన్ని బట్టే తేలుతుంది" అన్నారు.

దాచకుండా రాస్తే ఆపేస్తారు, ఆ మాత్రం నాకు తెలుసు. అందుకే ఫారం వాళ్ళకి, పుస్తకం నాకు. ఇది నా పరుపు కిందే ఉంటుంది.

పదేళ్ళ కిందట సముద్రం గోడ మీంచి పడ్డాను. నడుం విరిగింది. కాళ్ళు పోయాయి. కాళ్ళతో పాటు మొగుడూ పెళ్ళాల మధ్య ఉండేదీ పోయింది. మొదట్లో మాత్రలిచ్చారు. వేసుకుంటే తల బద్దలైపోయేది, రక్తపోటు పడిపోయి కళ్ళు తిరిగేవి. నా పెళ్ళాం దాలమ్మ పక్కలో ఉండాల్సినవాణ్ణి దాలమ్మ చేత మొహాన నీళ్ళు కొట్టించుకునేవాణ్ణి. తర్వాత ఈ మొలకమందు వచ్చింది. చనిపోయినవాడి వెన్ను నరం ముక్క తీసి, దాన్ని గాజు గిన్నెల్లో మొలకెత్తించి తీసే మందు. కాళ్ళకి పని చెయ్యదు, ఆ ఒక్కదానికే చేస్తుంది. "రెండు కాళ్ళు లేపలేని మందు అదొక్కదాన్నీ ఎలగ లేపుద్దిరా" అని తాళ్ళ షెడ్డులో ఒకటే నవ్వులు. నవ్వుకోనీ. నా పెళ్ళాం నాకు దక్కింది.

ఎవరి నరమో కూడా రాయాలి కదా. అసిరయ్యది. నా జోడీ. గోడ పగుళ్ళు పూడ్చేవాళ్ళం ఇద్దరిద్దరం ఒకే తాడుకి చెరో కొసన వేలాడతాం, తాడు పైన కప్పీ మీదుగా పోతుంది. పనిలో చేరిన రోజునే వేలిముద్ర వేయిస్తారు, ఒకడు పోతే వాడి ఒంట్లో పనికొచ్చేది ముందు రెండోవాడికే అని. ఆ రోజు ఇద్దరం పడ్డాం. గోడలో ఇనప రింగు తుప్పు పట్టి ఊడిందని కాగితాల్లో రాసుకున్నారు. అసిరయ్యన్న పోయాడు, నేను మిగిలాను.

ఫారంలో పదకొండో గడి: "మీది కాని అలవాటు ఏదైనా మీలో కనిపించిందా?" డాక్టరమ్మ దాన్ని కలుపు అంటారు. "మందుకి జ్ఞాపకం ఉండదండీ. నరానికి అలవాటుంటుంది. కొందరిలో పదేళ్ళకి అది పైకి వస్తుంది. వస్తే మందు ఆపాల్సిందే, ముదిరితే ఊపిరి దాకా పోతుంది."

లేదు అని టిక్కు పెట్టాను. ఇవాళ్టికి అది నిజమే.

4వ రోజు

పొద్దున్న లేచి మూత్రం గొట్టం మార్చుకున్నాను, పిర్రల మీద పుండ్లు లేచాయేమోనని అద్దం పెట్టి చూసుకున్నాను, గంజి కాచాను. తర్వాత షెడ్డుకెళ్ళి రెండు తాళ్ళు అతికాను. ఇప్పుడు నా పని అదే, గోడ మీద వేలాడేవాళ్ళ తాళ్ళు అతకడం. అరగంటకోసారి కుర్చీ చేతుల మీద ఒళ్ళు ఎత్తి దించుకోవాలి, లేకపోతే కూర్చున్నచోట కుళ్ళుతుంది.

మధ్యాహ్నం మళ్ళకి నీళ్ళు పెట్టే సైరన్ మోగాక దాలమ్మ నాచు మళ్ళ నుంచి వస్తుంది. మళ్ళీ సైరన్ మోగి నీళ్ళు తీసేదాకా మూడు గంటలు ఖాళీ. స్నానం చేసి వచ్చినా మెడ దగ్గర నాచు వాసన పోదు. ఆ వాసన నాకిష్టం. పదేళ్ళుగా మా కాపురమంతా మధ్యాహ్నాలే. సూది పడిన మూడో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా మంచి రోజులు, ఆ తర్వాత మందు పల్చబడుతుంది. దాలమ్మ కేలెండరులో ఆ రోజుల మీద పసుపు బొట్లు పెడుతుంది.

ఇవాళ ఆమె నా మీదికి వంగినప్పుడు నా చేయి ఆమె భుజం మీద కొట్టింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి, బొటనవేలితో ఒక గీత. నేను కొట్టలేదు. చేయి కొట్టింది. అదీ ఎడమ చేయి. నాది కుడి వాటం.

"ఇదేటి మావా, తలుపు కొడతన్నావేటి? లోపలికి రమ్మని సెప్పాలా?" అని దాలమ్మ పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ వెన్నులో, నాకు స్పర్శ ఉన్నంత మేరా, చల్లబడిపోయింది.

ఆ దెబ్బ ఎవరిదో నాకు తెలుసు. గోడ మీద గాలికి మాట వినపడదు. అందుకని తాడు మీద కొడతాం. రెండు దెబ్బలంటే "ఉన్నావా?" అని, అంటే నీ కొక్కెం గోడ రింగులో ఉందా అని. ఉంటే అవతలివాడు ఒక్క దెబ్బ కొడతాడు: "ఉన్నా." అప్పుడే మొదటివాడు తన కొక్కెం తీసి, తాడు మీద బరువేసి పక్కకి జరుగుతాడు. దెబ్బ అందరిదీ ఒకేలా ఉండదు. రెండు కొట్టి, ఆగి, బొటనవేలితో తాడుని గీకేది ఒక్క అసిరయ్యే. ఎడమచేతివాటం మనిషి.

పదకొండో గడిలో లేదు అని పెట్టాను. ఇవాళ్టిది అబద్ధం.

9వ రోజు

ఐదు రోజుల్లో ఆరుసార్లు. రెండు పక్క మీద, మూడు కుర్చీ చెక్క మీద, ఒకటి షెడ్డులో అతుకుతున్న తాడు మీద. తాడు మీద కొట్టినప్పుడు పక్కన పేనుతున్న ముసలి జగ్గులు తలెత్తి చూశాడు. గోడ మీద ముప్పై ఏళ్ళు వేలాడినవాడు, వాడికా తెలియంది! కాసేపటికి తన చాప తీసుకెళ్ళి అవతల కూర్చున్నాడు.

మధ్యాహ్నాలు ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకుంటున్నాను. జీడి అంటి పొక్కింది అని చెప్పాను. దాలమ్మ నమ్మినట్టే ఉంది. వెన్న రాస్తానంటే వద్దన్నాను.

నా భయమేమిటో రాసేస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి ఆమె. నేను పడ్డప్పుడు ఇరవై ఎనిమిది. వాళ్ళమ్మ వచ్చి "వొచ్చీయవే, నీకింకా వయసుంది" అని నా వినికిడిలోనే అంది. దాలమ్మ వెళ్ళలేదు. మందు లేని ఆ మొదటి నెలలు కూడా నా దుప్పట్లు ఉతికింది, ఒక్క మాట అనలేదు. కానీ సాయంత్రం గడపలో కూర్చుని ఎటో చూసేది. ఆ చూపు మళ్ళీ చూడలేను. ఈ సూది పోతే ఆ చూపు వస్తుంది. అంతే నా లెక్క.

13వ రోజు

ఇవాళ తువ్వాలు కట్టుకోవడం మర్చిపోయాను. చేయి కొట్టింది. దాలమ్మ ఈసారి నవ్వలేదు. చేతిని పట్టుకుని తిప్పి చూసింది. జీడి మచ్చ ఏదీ లేదు.

"పుండేది మావా?"

"మానిపోయింది."

"నాలుగు రోజుల్లో జీడి మానుద్దా? నాకు సెప్తన్నావా?" అని లేచి చీర సర్దుకుంది. సైరన్‌కి ఇంకా గంటన్నర ఉండగానే మళ్ళకి వెళ్ళిపోయింది. ఆ గంటన్నరా చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. తొడకి తెలియదు కాబట్టి, కొట్టిందో లేదో నాకూ తెలియలేదు.

16వ రోజు

ఇవాళ అసిరయ్య పోయిన రోజు. ఏటా ఆయన భార్య పైడమ్మ వదిన కేరేజీలో అన్నం, చేపల పులుసు తెస్తుంది. ఆయనకిష్టమైనవి ఆయన జోడీ తినాలి, అది గోడ జనం ఆచారం. ఆమె పెట్టేటప్పుడు నేను తల దించుకునే తింటాను. తొమ్మిదేళ్ళూ అలాగే తిన్నాను.

దాలమ్మ పీట వేసింది. వదిన పులుసు వడ్డిస్తూ, "ఈ యేడు సింతపండు ఎక్కువైపోనాది, ఆయన ఉండుంటే ఇసిరికొట్టీవోడు" అంది. అప్పుడే చేయి కంచం అంచు మీద కొట్టింది. టక్ టక్. ఆగి, బొటనవేలు కంచం మీద గీరిన చప్పుడు.

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. పులుసు నా లుంగీ మీద కారింది. కాలిందో లేదో నాకు తెలియదు, తర్వాత చూస్తే పొక్కులున్నాయి.

"అది మా ఆయన సెయ్యి" అంది వదిన.

గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఇంట్లోకొచ్చినా ఆ అలవాటు పోనేదు. ఈపు మీద అలగే కొట్టీవోడు. ఉన్నావా పైడీ అని. ఉన్నాను లెండి ఎక్కడికి పోతాను అనీదాన్ని" అంది. మరి కూర్చోలేదు. కేరేజీ గిన్నెలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

దాలమ్మ గుడ్డ తెచ్చి నా తొడ తుడిచింది. నా మొహం మాత్రం చూడలేదు.

17వ రోజు

కేలెండరులో ఇవాళ పసుపు బొట్టు ఉంది. దాలమ్మ స్నానం చేసి వచ్చి గోడకానుకుని కింద కూర్చుంది, పక్క మీదికి రాలేదు.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు మావా. పదేళ్ళు నా పక్కన తొంగున్నది ఎవులు?"

"నేనే. మందు ఒంట్లో రక్తానికే దారి చూపిస్తుంది. మనసుకి కాదు."

"మరి ఈ సెయ్యి ఎవుల్ది?"

ఆ చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాను. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "ఆ మందు కావాలని నాను మొక్కుకున్నాను. నీకు సెప్పలేదు. సూది పడిన ప్రతిసారీ అమ్మోరికి కొబ్బరికాయ కొట్టినాను. ఇప్పుడు నన్ను ముట్టుకుంటే, పైడమ్మక్క మొగుడు ముట్టుకున్నట్టుంటాది. ఓలమ్మో, నాకు ఏ మొగం ఉంటాది మావా ఆ యక్క ముందర?"

దగ్గరికి జరిగి పట్టుకుందామనుకున్నాను. ఏ చేత్తో పట్టుకోవాలో తెలియలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఇంకొకటి అడిగింది. "అయినా, అడగనోడు ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు అడుగుతన్నాడు? ఉన్నావా అని నిన్నెందుకు అడుగుతన్నాడు?"

సైరన్ మోగింది. ఆ సైరన్‌కి దండం పెట్టాలనిపించింది.

20వ రోజు

వదిన వచ్చింది. కేరేజీ గిన్నెల కోసం అంది. దాలమ్మ కడిగి బోర్లించిన గిన్నెలు తెచ్చి ఇచ్చినా లేవలేదు. చివరికి తల వంచుకుని, "నూకరాజా, ఒక్కసారి నా భుజం మీద సెయ్యెయ్యి. తప్పుగా అడుగుతన్నాననుకోకు. మరి అడగను" అంది.

నేను దాలమ్మ వైపు చూశాను. గుమ్మంలో నిలబడి ఉంది. "ఎయ్యి మావా" అంది.

వేశాను. చాలాసేపు ఏమీ లేదు. బయట ఎవరో నాచు మోపులు దించుతున్నారు. తర్వాత వచ్చింది. రెండు దెబ్బలు, ఆగి, గీత.

"ఉన్నానండీ, ఉన్నాను. ఎక్కడికి పోతాను" అంటూ వదిన ఆ చేతిని చెంపకి ఆనించుకుని ఏడ్చింది. అరవయ్యేళ్ళ మనిషి కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ ఏడ్చింది. ఆ ఏడుపు నేను భరించలేకపోయాను. పదేళ్ళు భరించిందంతా ఆ ఒక్క క్షణంలో పట్టు తప్పింది.

"వదినా, ఆ రింగు తుప్పు పట్టలేదు" అన్నాను.

ఆమె తలెత్తింది.

చెప్పేశాను. ఆ రోజు పొద్దున్న నా కొక్కెం రింగులోంచి తీశాను. ఎందుకా? అవతలి పగులు దగ్గర పీత కనపడింది, పట్టుకుందామని. ఒక్క నిమిషం పని. అప్పుడే తాడు మీద అన్న దెబ్బ వినపడింది: ఉన్నావా? రోజుకి రెండు వందల సార్లు వినే దెబ్బ. చేతికి అలవాటు. చూసుకోకుండానే ఒక దెబ్బ కొట్టేశాను: ఉన్నా. అన్న నమ్మి తన కొక్కెం తీసి బరువేశాడు. కప్పీ గిర్రున తిరిగి నన్ను పైకి ఈడ్చి విసిరేసింది. ఆయన రాళ్ళ మీద పడ్డాడు, నేను బురదలో పడ్డాను. విచారణకొచ్చినవాళ్ళు రింగు తుప్పు అని రాసుకుంటుంటే, ఆసుపత్రి మంచం మీంచి నేను అవునన్నాను.

"నేను చంపినవాడి నరంతో పదేళ్ళు కాపురం చేశాను వదినా. అది నన్నే అడుగుతోంది."

వదిన చేయి వదిలేసింది. నెమ్మదిగా గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టి కేరేజీ బిగించింది. కొక్కి పడలేదు. మళ్ళీ పెట్టింది. "పదేళ్ళు ఆ రింగుని తిట్టుకున్నాను" అంది. "ఇనప ముక్కని. దానికేటి తెలుసని తిట్టినాను." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "వొచ్చే యేడు పులుసు తేను. నన్నడక్కు."

దాలమ్మ ఆమె వెనకాలే వెళ్ళింది, వీధి చివరిదాకా దిగబెట్టడానికి. తిరిగి వచ్చి నాకు అన్నం పెట్టింది. తాను తినలేదు.

22వ రోజు

రెండు రోజులుగా దాలమ్మ నాతో అవసరమైనవే మాట్లాడుతోంది. గొట్టం మార్చావా, నీళ్ళు తాగావా. ఇవాళ ఉన్నట్టుండి, "పీతకోసమా?" అంది.

"పీతకోసమే."

"ఎవులికి?"

"నీకే. పులుసు తినాలనుందని ముందు రోజన్నావు."

ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. ఊక ఊదేసి, "నీకన్నా తెలివైన అల్లుడు దొరకలేదు మా అయ్యకి" అంది. తిట్టో ఏమిటో తెలియలేదు. చేటలోని బియ్యం మీద రెండు చుక్కలు పడ్డాయి.

"ఆ మందు మరి ఒద్దు మావా. ఆడు అడిగీది అడిగీసినాడు. నువ్వు సెప్పీసినావు. ఇంకా ఆ మనిసిని కట్టీసుకోడం నాయం కాదు."

"మందు లేకపోతే మన సంగతి నీకు తెలుసు కదా."

"నాకేటి తెలీదు. నీకూ తెలీదు. నువ్వు భయపడిపోయి సూది ఎనకాల దాక్కున్నావు, మందు లేని నన్ను నువ్వు సరిగా సూసిందెప్పుడు?"

గడపలో కూర్చుని ఎటో చూసేదానివి కదా అన్నాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "గోడ ఏపు సూసీదాన్ని. పడిపోయినోడివి బతికొచ్చినావని దండం పెట్టుకునీదాన్ని."

28వ రోజు

ఫారం చించేశాను. ఈ పుస్తకం డాక్టర్ సుల్తానా ముందు పెట్టాను. ఆమె అక్కడే కూర్చుని చదివారు. పీత దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నరం మిమ్మల్ని ఏమీ అడగలేదు నూకరాజు గారూ. అది ఆయన చేతి అలవాటు, అంతే. అర్థం మీరిచ్చారు" అన్నారు.

"అయితే మంచిదే. ఎవరో ఒకరు అడగాలి కదా" అన్నాను.

నూట ఇరవై తొమ్మిదో సూది వెయ్యలేదు. రింగు సంగతి గోడ ఆఫీసుకి రాసి ఇచ్చాను, ఏం చేస్తారో చెయ్యనీ. మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెల పైన పడుతుందట. అదయ్యాక కావాలంటే తక్కువ మోతాదులో పాత మాత్రలు చూద్దాం, పంపు పరికరం ఉంది, ఇంకా దారులున్నాయి అన్నారు. పుస్తకం తిరిగి ఇచ్చి రాస్తూ ఉండమన్నారు.

సూది లేని 19వ రోజు

దెబ్బలు పల్చబడ్డాయి. వారానికి ఒకటి. మొన్నటిదానికి బొటనవేలి గీత లేదు. ఇవాళ షెడ్డులో చేతిని తాడు మీద పెట్టి గంటసేపు కూర్చున్నాను. రాలేదు. వస్తే ఏం చెయ్యాలో ఇన్నాళ్ళకి తెలిసింది, తీరా రావడం మానేశాడు. జగ్గులు చాప మళ్ళీ నా పక్కకి తెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఎడం పక్క ఖాళీగా ఉంది. దెయ్యం పట్టినవాడికి దెయ్యం వదిలితే సంతోషం ఉండాలి కదా, నాకు దుఃఖమే మిగిలింది. అన్నా, నీ దగ్గరికి వచ్చి చెప్పే దారి అదొక్కటే ఉండేది.

సూది లేని 41వ రోజు

కేలెండరులో పసుపు బొట్లు లేవు. అయినా సైరన్ మోగాక దాలమ్మ స్నానం చేసి వచ్చి నా పక్కన పడుకుంది. మెడ దగ్గర అదే నాచు వాసన. నా ఒంట్లో ఏమీ కదల్లేదు. కదలదని ఇద్దరికీ తెలుసు. కప్పు వైపు చూస్తూ పడుకున్నాం. ఆమె చెయ్యి నా ఛాతీ మీద ఉంది, స్పర్శ తెలిసే చోట.

అప్పుడు నా భుజం మీద దెబ్బ పడింది. రెండు. ఉలిక్కిపడి ఎడమ చేతిని చూసుకున్నాను. అది పక్క మీద ఊరికే పడి ఉంది. ఈ దెబ్బలు మెత్తగా ఉన్నాయి, తర్వాత ఆగడం లేదు, గీత లేదు. తాడు ఎప్పుడూ పట్టనివాళ్ళు కొట్టే దెబ్బ. దాలమ్మ నా వైపు చూడకుండానే కొట్టింది.

నా చేయి అలవాటు కొద్దీ లేవబోయింది. ఆపాను. ముందు చూసుకున్నాను. కదలని కాళ్ళు చూసుకున్నాను. లుంగీ కింద పులుసు కాలిన మచ్చలు చూసుకున్నాను. ఎడమ చేయి, కుడి చేయి, రెండూ నావే. లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా చూసుకున్నాను. ఆమె ఆగింది, తొందరపెట్టలేదు.

అప్పుడు ఆమె చేతి మీద ఒక్క దెబ్బ కొట్టాను. ఉన్నా.